తండ్రి లేనివాళ్ల సీటు

సిద్దిపేట,
జూన్ 1944

హైదరాబాదులోని విద్యాదీప వసతి గృహం కార్యదర్శి బుచ్చయ్య పంతులు గారి సముఖానికి, సిద్దిపేటలో మగ్గం నేసుకుని బతికే రాజనర్సు దండాలు పెట్టి రాసుకునేది ఏమంటే -

ముందుగా మేము క్షేమమని రాయాలి. రాశాను. ఇక ఉన్న సంగతి వినండి.

నాకు ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు భూమయ్య ఈ ఏడు మెట్రిక్ పాసయ్యాడు. మా వాడకట్టులో అంత దూరం చదివినవాడు వాడొక్కడే. ఇంకా చదువుతానంటాడు. కాలేజీ సర్కారుదేనట. అయినా ఫీజు కట్టాలట, పుస్తకాలు కొనాలట, పట్నంలో కిరాయికి ఉండి తినాలట. యుద్ధం మూలాన నూలుకు కంట్రోలు వచ్చినప్పటి నుంచి పోగు దొరక్క మా మగ్గం ఆగిపోయింది. మగ్గం గుంతలో పిల్లి ఈనింది. దాన్ని లేపవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.

మీరు బీద పిల్లలకు ఉచితంగా తిండి పెట్టి, కాలేజీ ఫీజు కూడా కడతారని విన్నాను. మేము బీదవాళ్లమే. ఎవరినైనా అడగండి. ఈ ఒక్క విషయంలో మా గురించి ఊళ్లో రెండో మాట లేదు.

నా భార్య దుర్గవ్వ పక్కన కూర్చుని చెబుతోంది: "మా పోరడు పెట్టింది తింటడు, చెప్పింది వింటడు. నిద్రల పండ్లు కొరుకుతడు, గదొక్కటే. గది గూడ రాయి, దాసిపెట్టొద్దు." అందుకే రాశాను.

తమ దయ కోసం చూసే,
రాజనర్సు

తా.క.: మీ వసతి గృహంలో ఎలుకలుంటే తెలపండి. భూమయ్యతో పాటు ఒక పిల్లి పిల్లను కూడా పంపగలం.

*

హైదరాబాదు,
జూన్ 1944

సిద్దిపేట శ్రీ రాజనర్సు గారికి,

మీ ఉత్తరం అందింది. మీ కుమారుడు పాసైనందుకు సంతోషం. కానీ మా సంఘం నిబంధన ప్రకారం ఉచిత సీట్లు తండ్రి లేని విద్యార్థులకు మాత్రమే ఇస్తాము. ఉత్తరం మీరే రాసినందువల్ల మీరు ఉన్నట్టు తెలుస్తోంది. అందుకు చింతిస్తున్నాము.

మీరు నిండు నూరేళ్లు వర్ధిల్లాలని కోరే,
బుచ్చయ్య, కార్యదర్శి

తా.క.: ఒక్క సీటు మిగిలింది. నెలాఖరు వరకు గడువు. ఎలుకలు లేవు. మా పిల్లలు తిన్నాక వాటికి ఏమీ మిగలదు.

*

సిద్దిపేట,
జూన్ 1944

బుచ్చయ్య పంతులు గారికి, చనిపోయిన రాజనర్సు తమ్ముడు దుబ్బయ్య ఏడుస్తూ రాసేది -

మీ ఉత్తరం మంగళవారం వచ్చింది. మా అన్న బుధవారం పోయాడు.

జబ్బేమీ లేదు. మీ నిబంధన సంగతి తెలిశాక చాలాసేపు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. "అయితె పోరని చదువుకు నేనే అడ్డమున్ననా?" అన్నాడు. తెల్లారి చూస్తే లేడు.

మా వదిన దుర్గవ్వ చాలా బాధలో ఉంది. నిన్నటి నుంచి నాతో మాట్లాడడం లేదు. అన్నం మాత్రం పెడుతోంది, కంచం నేలకు కొట్టి పెడుతోంది.

ఇప్పుడు భూమయ్యకు తండ్రి లేడు. నిబంధనకు పూర్తిగా సరిపోతాడు. ఆ సీటు వాడికి దయచేయించండి.

ఈ ఉత్తరం మూలకు మసి పూశాము. చావు కబురు ఉత్తరం చదివిన వెంటనే చింపేయాలి, దాచకూడదు. మరిచిపోకండి.

దుఃఖంలో ఉన్న,
దుబ్బయ్య

తా.క.: నేను అచ్చం మా అన్నలాగే ఉంటాను. ఎప్పుడైనా చూస్తే జడుసుకోకండి.

*

హైదరాబాదు,
జూలై 1944

శ్రీ దుబ్బయ్య గారికి సానుభూతితో,

మీ అన్నగారి మరణవార్త చదివి విచారించాను. ఉత్తరం చింపలేదు. ఆఫీసుకు ఆచారాలు లేవు, ఫైళ్లున్నాయి.

భూమయ్యకు సీటు ఇచ్చాము. తిండి, వసతి, కాలేజీ ఫీజు మావి. కంచం, చెంబు, దుప్పటి తెచ్చుకోవాలి. తండ్రి పోయిన తిథి రాసి పంపండి. ఏటా ఆ రోజు పిల్లవాడికి సెలవు ఇస్తాం.

మీ ఇంటికి ధైర్యం కలగాలని కోరే,
బుచ్చయ్య

తా.క.: మీ అన్నగారు మా ఉత్తరం వల్ల పోయినట్టు రాశారు. ఫైలులో 'జ్వరం' అని రాసుకున్నాను.

*

సిద్దిపేట,
జూలై 1944

మా ఇంటిని నిలబెట్టిన బుచ్చయ్య పంతులు గారికి దుబ్బయ్య చేతులు జోడించి రాసేది -

భూమయ్యను మీ దగ్గర దింపి వచ్చాను. ఆ పూట మీరు ఊళ్లో లేరన్నారు. మీ వంటమనిషి నాకూ అన్నం పెట్టాడు. వద్దన్నా పెట్టాడు. పప్పు బాగుంది.

నేను తిరిగి వస్తుంటే భూమయ్య గేటు దాకా వచ్చాడు. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని "బాపూ" అన్నాడు. వంటమనిషి అక్కడే బియ్యం ఏరుతున్నాడు. తలెత్తి చూశాడు.

"పాపం, తండ్రి యాదికొచ్చిండు," అన్నాను నేను.

"నిన్ను జూసుకుంటనే అంటుండు గద?" అన్నాడాయన.

"నేను మా అన్న లెక్కనే ఉంట."

భూమయ్య తల దించుకున్నాడు. "పోయిరా చిన్నాయినా," అన్నాడు. బాగానే అన్నాడు. ఎవరికీ అనుమానం రాకుండా అన్నాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది గానీ గజ్వేల్ వచ్చేదాకా నాకు బయట ఏమీ కనబడలేదు.

తిథి అడిగారు. మా వదినను అడిగాను. "ఎప్పుడు సచ్చినవో నువ్వే చెప్పుకో," అన్నది. దుఃఖంలో ఆమెకు మాట తడబడుతోంది. మీకు నచ్చిన తిథి రాసుకోండి.

మీ మేలు మరవని,
దుబ్బయ్య

తా.క.: వాడికి వంకాయ పడదని మా అన్న చెప్పమన్నాడు. బతికున్నప్పుడు చెప్పమన్నాడు.

*

హైదరాబాదు,
అక్టోబరు 1945

శ్రీ దుబ్బయ్య గారికి,

భూమయ్య బాగా చదువుతున్నాడు. మొదటి ఏడు పరీక్షలో కాలేజీలోనే మూడోవాడిగా నిలిచాడు. ఉర్దూ పాఠాలకు మొదట్లో తడబడ్డాడు, ఇప్పుడు తోటివాళ్లకు చెబుతున్నాడు. ఈ వాక్యంతోనే ఉత్తరం ముగించాలని నా కోరిక. కానీ వీలు లేదు.

మా సంఘంలో పెద్ద చందాదారు వీరయ్య షావుకారు గారు బట్టల బేరానికి సిద్దిపేట వచ్చి, దారిలో మీ ఇల్లు చూశారట. వాకిట్లో దుర్గవ్వ గారు బొట్టుతో, గాజులతో, మెట్టెలతో కనిపించారట. "రాజనర్సు ఇల్లు గిదేనా?" అని ఆడుకునే పిల్లలను అడిగితే "గిదే" అన్నారట. "రాజనర్సు ఏడి?" అంటే "గిప్పుడే పోయిండు" అన్నారట.

చనిపోయి ఏడాది దాటిన మనిషి గిప్పుడే ఎలా పోతాడో వివరణ తెప్పించమని షావుకారు గారు పట్టుబట్టారు. ఉచిత సీటు వ్యవహారం కనుక నేను అడగక తప్పదు.

జవాబు కోసం ఆందోళనతో చూసే,
బుచ్చయ్య

తా.క.: జవాబు తొందరపడి రాయకండి. ఆలోచించి రాయండి. బాగా ఆలోచించి.

*

సిద్దిపేట,
అక్టోబరు 1945

నిదానంగా ఆలోచించమన్న బుచ్చయ్య పంతులు గారికి దుబ్బయ్య నిదానంగా రాసేది -

భూమయ్య మూడోవాడని చదివి ఇంట్లో అందరం సంతోషించాం. మా అన్న ఉంటే మగ్గం గుంతలో దిగి ఎగిరేవాడు.

షావుకారు గారి అనుమానానికి జవాబు. పిల్లలు "పోయిండు" అన్నది నిజమే. మా దిక్కు మాటలో పోయిండంటే బజారుకు పోయినా అంతే, కాటికి పోయినా అంతే. పిల్లలకు చావంటే తెలియదు. ఏడాది కిందటిదైనా వాళ్లకు గిప్పుడే.

ఇక బొట్టు సంగతి. మీ ఉత్తరం వచ్చాక, పది రోజులు బొట్టు, గాజులు తీసి ఉండమని మా వదినను బతిమాలాను. ఆమె ఏమన్నదో మీవంటి పెద్దలకు రాయలేను. రాయదగినంత వరకు రాస్తాను. "పోరని సదువు కోసం ఉపాసముంట. నా ముక్కుపుల్ల అమ్మినవు, ఊకున్న. గీ బొట్టు జోలికి మాత్రం రాకు. నేను తుడ్సుకున్ననాడు నిజంగనే ఏమన్నయితె ఎవలు తెచ్చిస్తరు? నీ పంతులు తెచ్చిస్తడా?" అని, పొయ్యి ముందు కూర్చుని కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

అందుకని ఊరి పెద్దలు మా ఇద్దరికీ మారుమనువు చేశారు. ఇప్పుడు దుర్గవ్వకు నేనే భర్తను. కనుక బొట్టుకు, మెట్టెలకు లెక్క కుదిరింది. పాత మొగనికి, కొత్త మొగనికి ఏమీ ఫరక్ లేదని, ఇద్దరూ ఒక్క తీరుగానే సతాయిస్తున్నారని ఆమె అంటోంది.

షావుకారు గారికి సర్ది చెప్పగలరని నమ్మే,
దుబ్బయ్య

తా.క.: పెండ్లికి పిలవనందుకు మన్నించండి. చాలా తొందరలో జరిగింది. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందే జరిగింది.

*

హైదరాబాదు,
నవంబరు 1945

నూతన వరుడు దుబ్బయ్య గారికి శుభాకాంక్షలు.

మీ వివాహ వార్త సంఘంలో చదివాను. ఇద్దరు సభ్యులు చప్పట్లు కొట్టారు. వితంతు వివాహం చేసుకున్న మిమ్మల్ని హైదరాబాదుకు పిలిచి పూలమాల వేయాలని ఒకరు ప్రతిపాదించారు. బస్సు ఖర్చు ఎవరు పెట్టాలో తేలక అది ఆగింది.

అప్పుడు వీరయ్య షావుకారు గారు లేచారు. "తల్లి మల్ల మనువాడింది. ఇగ పోరనికి తండ్రి దొరికిండు గద. మరి సీటెందుకు?" అన్నారు. నిబంధన తిరగేసి చూశాము. మారుతండ్రి కూడా తండ్రేనని ఉంది.

పరీక్షలు మార్చిలో. ఫిబ్రవరి సమావేశం దాకా సీటు తీసేయకుండా బతిమాలి ఆపాను. ఆ తర్వాత నా చేతిలో లేదు.

శుభాకాంక్షలు చెప్పాలో, క్షమాపణ చెప్పాలో తెలియని,
బుచ్చయ్య

తా.క.: దయచేసి విడాకులు తీసుకోకండి. దానికీ ఒక నిబంధన ఉంది.

*

సిద్దిపేట,
ఫిబ్రవరి 1946

బుచ్చయ్య పంతులు గారికి దుబ్బయ్య మంచంలో పడుకుని రాయించేది -

జవాబు ఆలస్యమైంది. వానాకాలంలో పట్టుకున్న దగ్గు వదల్లేదు. దసరా నుంచి రక్తం కూడా పడుతోంది. దవాఖానలో డాక్టరు చెవులకు గొట్టం పెట్టుకుని విని, పాలు తాగు, గుడ్లు తిను, పని చేయకు అన్నాడు. మందు రాస్తాడనుకుంటే షావుకార్ల సంసారం రాశాడు.

మీరు నిబంధనలు తెలిసినవారు కనుక ఒక మాట అడుగుతాను. మారుతండ్రి కూడా చనిపోతే పిల్లవాడు మళ్లీ తండ్రి లేనివాడి కిందికి వస్తాడా? వస్తాడని ఉంటే ఫిబ్రవరి సమావేశాన్ని కొంచెం వెనక్కి జరపండి. ఎక్కువ కాదు. ఈసారి అబద్ధం రాయవలసిన పని పడదు. దుబ్బయ్య తర్వాత మా ఇంట్లో ఇంకో తమ్ముడు లేడు, ఇదే ఆఖరు.

భూమయ్యకు చెప్పకండి. వాడు అడిగితే చిన్నాయినకు పడిశం పట్టిందనండి. చిన్నాయిన పడిశానికి ఎవరూ పరీక్ష వదిలి రారు.

దుర్గవ్వ రాత్రింబగళ్లు నా పక్కనే ఉంటోంది. "నువ్వు ఉత్తరంల రాసిన మాటలే దేవుడు ఇన్నడు," అంటుంది. కాదని ఎంత చెప్పినా వినదు.

మీ దయతో ఇంతదాకా వచ్చిన,
దుబ్బయ్య

తా.క.: ఆ పూలమాల ఇంకా కొనకపోతే, కొనకండి. ఇక్కడ ఎట్లాగూ ఒకటి కొంటారు.

*

హైదరాబాదు,
ఫిబ్రవరి 1946

శ్రీ రాజనర్సు గారికి,

అవును, రాజనర్సు గారికే. ఇక దుబ్బయ్య గారికి అని రాయలేను.

మీరు చనిపోయిన వారం నుంచే నాకు తెలుసు. బతికున్న రాజనర్సు ఉత్తరం, చనిపోయాక తమ్ముడి ఉత్తరం పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటే చేతిరాత. 'ళ' కింద తోక రెండింట్లోనూ ఒకే తీరున తిరిగింది. చెబితే మీరు బతకాలి, పిల్లవాడు ఇంటికి పోవాలి. అందుకే ఫైలు మూసి ఊరుకున్నాను.

మీరొక్కరే కాదు. మా పిల్లలను చూడడానికి సెలవుల్లో చిన్నాయినలు వస్తారు, మేనమామలు వస్తారు. వచ్చి దూరంగా నిలబడతారు. ముక్కు, నడక, నవ్వు అన్నీ పిల్లవాడివే. తండ్రి ఉన్నవాడు ఇంట్లో గొర్రెలు కాయాలి, లేనివాడు కాలేజీకి పోవాలి అని రాసిపెట్టుకుని, మేము ధర్మం చేస్తున్నామనుకున్నాం.

నిన్నటి సమావేశంలో మీ ఉత్తరాలన్నీ వరసగా చదివాను. మొదట నవ్వారు. బొట్టు సంగతి దగ్గర నవ్వు ఆగింది. మొన్నటి ఉత్తరం చదివాక వీరయ్య షావుకారు గారు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "మొగడు బతికుండంగ ఆ తల్లి బొట్టుకు తప్పు పట్టిన్నా నేను?" అన్నారు. "ముందుగాల చెప్పాలె గద పంతులూ," అన్నారు. తర్వాత అందరికంటే ముందు చెయ్యి ఎత్తారు.

కొత్త నిబంధన ఇది: "తండ్రి ఉన్నా లేకున్నా, గడవని ఇంటి పిల్లలకు సీటు." అట్లాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు సర్కారు కాలేజీలోనే ఫీజు మాఫీ చేయాలని ఒక అర్జీ కూడా రాశాం. దాని మీద మొదటి సంతకం షావుకారు గారిదే.

ఈ ఉత్తరం భూమయ్య చేతికిచ్చి పొద్దున బస్సుకు పంపుతున్నాను. పరీక్ష తప్పితే మళ్లీ రాస్తాడు. సీటు ఎక్కడికీ పోదు. మీరు మీ పేరుతో బతకండి. ఇది కార్యదర్శిగా నా ఆజ్ఞ.

మిమ్మల్ని కళ్లారా చూడాలనుకునే,
బుచ్చయ్య

తా.క.: రికార్డులో 'కీర్తిశేషుడు' అన్న మాట కొట్టేయించాను. "కారణమేం రాయాల్నయ్యా? సచ్చినోడు లేచిండని రాయాల్నా?" అని గుమాస్తా అడిగాడు. రాయమన్నాను.

*

సిద్దిపేట,
మార్చి 1946

బుచ్చయ్య పంతులు గారి పాదాలకు, రాజనర్సు కూతురు సాయవ్వ దండం పెట్టి రాసేది -

అన్న ఆదివారం వచ్చాడు. వాకిట్లో మూట దించి, లోపలికి వచ్చి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని "చిన్నాయినా" అన్నాడు. అక్కడ అమ్మ, నేను తప్ప ఎవరూ లేరు. అయినా అట్లాగే అన్నాడు. రెండేళ్ల అలవాటు. అని, తన నోరు తానే చేత్తో మూసుకున్నాడు.

బాపు "ఆఁ, ఏంది బిడ్డా" అని పలికాడు.

అన్న మీ ఉత్తరం చదివాడు. సగం దాకా చదివి నా చేతికిస్తే మిగతాది నేను చదివాను. గుమాస్తా మాట దగ్గర బాపు నవ్వాడు, నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు. "దుర్గీ, ఇన్నవా? ఆఫీసు కాయిదం మీద నేను లేచిన్నట," అన్నాడు. అమ్మ, "లేస్తె లేచినవు గని, గీ గంజి తాగు," అన్నది.

తర్వాత అన్నను దగ్గరికి రమ్మన్నాడు. "గేటు కాడ అన్నవు సూడు, గట్ల ఒక్కసారి పిలువు," అన్నాడు. అన్న "బాపూ" అన్నాడు. బాపు కళ్లు మూసుకుని, "మల్ల," అన్నాడు. అన్న మళ్లీ అన్నాడు. అట్లా ఎంతసేపు పిలిపించుకున్నాడో. పక్కింటి పెంటవ్వ ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున బాపు పోయాడు. అమ్మ చేతిలో నీళ్లు తాగి పోయాడు.

అన్న కర్మకాండలు ముగించుకుని వస్తాడు. పోనని మొండికేశాడు. అమ్మే తలుపు దగ్గర నిలబడి, "నీ బాపు నీ సదువు కోసం ఒకపాలి ఉత్తిగ సచ్చిండు. మొగడుండంగ కాయిదాల మీద నన్ను రెండేండ్లు ముండంటె పడ్డ. నువ్వు పోకుంటె నేను ఊకోను," అన్నది. మిగిలిన పరీక్షలు రాయిస్తారని నమ్ముతున్నాం.

ఒక పొరపాటు సరిదిద్దాలి. చేతిరాత చూసి బాపును గుర్తుపట్టానన్నారు. బాపుకు రాత రాదు. వేలిముద్రే. ఆ 'ళ' తోక నాది. అన్న చదువుకుంటుంటే దీపం ఇవతల కూర్చుని నేర్చుకున్నాను. బాపు పడుకుని మా మాటలో చెప్పేవాడు, నేను పుస్తకాల మాటలోకి మార్చి రాసేదాన్ని. చనిపోయినట్టు రాసిన రోజు మాత్రం కలం పక్కన పెట్టాను. "రాయి బిడ్డా, కాయిదం మీదనే గద," అన్నాడు. రాశాను. ఆ ఒక్క ఉత్తరం చింపేయండి పంతులు గారూ. ఆఫీసుకు ఆచారం లేకపోయినా చింపేయండి.

మా ఇంట్లో మిగిలిన వాళ్లందరి తరఫున,
సాయవ్వ

తా.క.: కొత్త నిబంధనలో 'గడవని ఇంటి పిల్లలు' అని రాశారు. పిల్లలంటే మగపిల్లలే అంటున్నాడు అన్న. పిల్లలంటే పిల్లలే అంటున్నాను నేను. నాకు పద్నాలుగేళ్లు, అన్న పాత పుస్తకాలన్నీ అయిపోయాయి. మాలో ఎవరి మాట నిజమో తెలపండి. జవాబు అన్న పేరు మీద కాకుండా నా పేరు మీద రాయండి. నాకు ఇంతవరకు ఉత్తరం రాలేదు.